‘విత్’ గురించి చెప్పబోయి తలుపు బయట మిగిలాను

నేను చేసిన తెలివితక్కువ పనులు చాలానే ఉన్నాయి కానీ, వాటిలో ఎక్కువభాగం నాకూ మా అమ్మకూ మాత్రమే తెలుసు. ఒక్కటి మాత్రం శంషాబాద్‌లో ఇప్పటికీ చలామణిలో ఉంది. హైవే పక్కనున్న ఒక చిన్న ఆసుపత్రి ముందు నుంచి నడిచి వెళ్తే చాలు, అక్కడి వాచ్‌మన్ నన్ను చూసి, మెడలో లేని తాడునొకదాన్ని పట్టుకుని చూపించి నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. నవ్వక చేసేదేముంది?

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నాకు గౌరవం మిగిలే ఘట్టం ఒక్కటి కూడా లేదు. ఒక బుల్లి ఇంగ్లీషు మాట మీద మనసు పారేసుకుని, ఒక బిడ్డ భూమ్మీద పడే వేళకు నేను ఎక్కడ ఉంటానని మాటిచ్చానో అక్కడ లేకుండా పోయిన సంగతి ఇది. ఆ మాట ‘విత్’. మనం తోడు, కూడా, వెంట అని చెప్పుకునే మాట. మీరు ఇప్పుడే నవ్వడం మొదలుపెడితే నాకేం అభ్యంతరం లేదు.

అప్పట్లో నేను శంషాబాద్‌లో ఒక చెప్పుల దుకాణం పైన, మేడ మీద గదిలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్పేదాన్ని. తొండుపల్లి నుంచీ, గగన్‌పహాడ్ నుంచీ, ఇంకా లోపలి ఊళ్ల నుంచీ పిల్లలు వచ్చేవాళ్లు. అందరి గురీ ఎయిర్‌పోర్టులో ఉద్యోగమే. అందుకని మా పాఠాల్లో పూలూ పక్షులూ ఉండేవి కావు. ‘విత్ ఫ్యామిలీ ప్రయాణం చేస్తున్నారా?’ ‘కాఫీ విత్ షుగరా, వితౌట్ షుగరా?’ ఇవే వాక్యాలు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. రోజంతా విత్, విత్ అని అరిచి అరిచి, ఒకరోజు నాకే అనుమానం వచ్చింది. ఇంతకీ ఈ విత్ ఎక్కడ పుట్టింది? దీని అమ్మానాన్నలెవరు?

నా దగ్గర ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న లావుపాటి డిక్షనరీ ఒకటి ఉండేది. అప్పటిదాకా దాన్ని ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా బరువు పెట్టడానికి వాడాను. ఆ రోజు తెరిచాను. చదివాను. చదివి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఎందుకంటే, చాలా వందల ఏళ్ల కిందట ఇంగ్లీషువాళ్ల నోట్లో ఈ ‘విత్’కు అసలు అర్థం తోడు కాదట. ఎదురు అట. ఒకరికి ‘విత్’ నిలబడ్డారంటే వాళ్ల మీదికి పోయి నిలబడ్డారని. తోడు అనడానికి వాళ్లకు వేరే మాట ఉండేది, ‘మిడ్’ అని. కాలం గడిచేకొద్దీ ఈ ఎదురునిలిచే మాట మెల్లగా జరిగింది. ఒకరితో కొట్లాడాలన్నా వాళ్ల ముందుండాలి కదా, అలా ముందుండి ముందుండి చివరికి పక్కకొచ్చి నిలబడిపోయింది. మిడ్ చోటు ఖాళీ చేసి వెళ్లిపోయింది. పాత శత్రుత్వం మాత్రం కొన్ని మాటల్లో మిగిలింది. విత్‌స్టాండ్ అంటే ఎదిరించి నిలవడం. విత్‌హోల్డ్ అంటే ఇవ్వకుండా పట్టి ఉంచడం. ఏటీఎం ముందు మనమంతా అనే విత్‌డ్రా కూడా ఆ కాలందే, వెనక్కి లాక్కోవడం.

నాకు ఒళ్లంతా గగుర్పొడిచింది. అబద్ధం కాదు, చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. యుద్ధానికి బయల్దేరిన మాట నడిచి నడిచి స్నేహం దగ్గరికి చేరుకోవడమేమిటి? ఎవరూ దాన్ని రమ్మనలేదు. ఎవరూ తీర్మానం చేయలేదు. లెక్కలేనంతమంది మామూలు మనుషులు ఇంట్లో, పొలంలో, సంతలో మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ దాన్ని అటు నుంచి ఇటు తీసుకొచ్చారు. మన తెలుగులోనూ చూడండి, ‘నీతో వస్తాను’ అనడానికీ ‘నీతో కొట్లాడతాను’ అనడానికీ అదే ‘తో’. ఇన్నేళ్లూ నా నోట్లోనే ఉన్నదాన్ని నేను ఎన్నడూ చూడలేదు. ఆ రోజు ఆకాశంలో విమానం పోతుంటే కూడా అది మామూలుగా అనిపించలేదు నాకు.

ఇక్కడి నుంచి నా పతనం మొదలు.

కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. క్లాసులో చెప్పాను, వాళ్లు పరీక్షకొస్తుందేమోనని రాసుకున్నారు. సిటీ బస్సులో కండక్టర్‌కి చెప్పాను, ఆయన ముందుకు జరగమన్నాడు. కూరగాయల గౌస్ భాయ్‌కి చెప్పాను, ఆయన పాపం పూర్తిగా విని, కొత్తిమీర ఊరికే ఇచ్చి పంపించేశాడు. ఇంట్లో మా అమ్మ అన్నం వడ్డిస్తూ మొత్తం విన్నది.

“ఒక్క మాటకే గింత పరేషాన్ అయితున్నవ్. ఆ బుక్కు మొత్తం సదివితె నిన్ను ఏ దవాఖానల ఏస్తరే బిడ్డా?” అని అడిగింది.

దవాఖాన అన్న మాట మా అమ్మ నోట ఊరికే రాలేదని తర్వాత నాకు తెలిసింది.

ఇప్పుడు నస్రీన్ గురించి చెప్పాలి. ఆమె నా పాత విద్యార్థి. నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకుని ఎయిర్‌పోర్టులో ఒక కాఫీ కొట్లో చేరింది. క్లాసులు అయిపోయినా స్నేహం అయిపోలేదు, నన్ను అక్కా అని పిలిచేది. తల్లి లేదు, అక్కచెల్లెళ్లు లేరు. భర్త యూసుఫ్ ఎయిర్‌పోర్టులోనే ట్రాక్టర్ నడుపుతాడు. ట్రాక్టరంటే దుక్కి దున్నేది కాదు. ఏం చేస్తావయ్యా అని ఒకసారి అడిగితే, క్లాసు మెట్ల మీద భార్య కోసం కాచుకుని కూర్చున్న ఆ మనిషి చేతులతో గాలిలో బొమ్మ గీసి మరీ చెప్పాడు.

“విమానానికి ఎన్కకు పోవుడు రాదక్కా. నేను ట్రాక్టర్ తీస్కపోయి దాని ముక్కుకు ఎదురుంగ పెడ్త. మొఖంల మొఖం పెట్టి నూక్కుంట పోత. అది ఎంత దూరం పోతే నేను గూడ అంత దూరం పోవాలె.”

నేను బాగుందని చెప్పి, దీన్నే ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నేర్పించి పంపించాను. వెంటనే పాఠం చెప్పేయాలన్న ఆత్రంలో ఎదుటివాళ్లు చెప్పింది వినకపోవడం అప్పట్లో నాకు బాగా అలవాటు.

నస్రీన్‌కు నెలలు నిండాయి. ఆ చిన్న ఆసుపత్రిలో ఒక మంచి పద్ధతి ఉండేది. కాన్పు గదిలోకి తోడుగా ఒక మనిషిని రానిస్తారు, ఆ ఒక్కరు ఎవరన్నది కనబోయే ఆమె ఇష్టం, భర్తయినా సరే. నస్రీన్ భర్తను రమ్మంది. యూసుఫ్ భయపడిపోయాడు. మొగోళ్లు అక్కడికి ఎట్ల పోతరు, నేను పడిపోత, డ్యూటీల అందరు నవ్వుతరు అన్నాడట. సరే, అట్లయితే నువ్వు దవాఖానలో నా కండ్లకు కనబడకు అందట ఆమె. ఆ మాటన్న రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఉప్పు కావాలన్నా నస్రీన్ అత్తగారు ఖైరున్నీసా ఖాలా మధ్యలో ఉండి అటూ ఇటూ చెప్పాల్సి వచ్చేది.

నస్రీన్ మా మేడ మెట్లు ఆయాసపడుతూ ఎక్కి వచ్చి నన్నడిగింది.

“నాకు మస్తు భయమైతుందక్కా. నువ్వు ఏం చెయ్యకు. ఊకె నా చెయ్యి పట్టుకొని ఉండు, చాలు.”

ఉంటానన్నాను. ఉంటానని ఊరుకుంటే నేనెలా అవుతాను? ఆమె చెయ్యి పట్టుకుని, విత్ యూ అని ఇంగ్లీషులో కూడా మాటిచ్చి, ఆ విత్ ఎలాంటి మాటో మొత్తం చెప్పి పంపించాను. పాపం, నొప్పులు రాకముందే ఆమె ఎంత ఓర్చుకుందో చూడండి.

నొప్పులు ఒక తెల్లవారుజామున మొదలయ్యాయి. నేను వెళ్లేసరికి నస్రీన్‌ను గదిలోకి తీసుకుపోయారు. నా మెడలో ఎర్రతాడుకు వేలాడే నీలం పాసు వేశారు. తలుపు దగ్గర మల్లేశన్న నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఇప్పటికీ నవ్వే వాచ్‌మన్ ఈయనే. అంతకుముందు ఎయిర్‌పోర్టు గేటు దగ్గర పనిచేసిన మనిషి. పాసు తిప్పి చూశాడు, నా మొహం చూశాడు, మళ్లీ పాసు చూశాడు, లోపలికి పంపించాడు. మా ఊళ్లో సగంమంది ఎయిర్‌పోర్టులో పనిచేసి వచ్చినవాళ్లే కాబట్టి పాసంటే అందరికీ అంత భక్తి.

పొద్దుటి నుంచీ నేను బుద్ధిగానే ఉన్నాను, ఈ ఒక్క సంగతి నా పక్షాన రాసుకోండి. చెయ్యి వదల్లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా నస్రీన్ నా వేళ్లు నలిపేస్తే కిక్కురుమనలేదు. మధ్యాహ్నానికి డ్యూటీ మారి, ఒక లావుపాటి నర్సమ్మ వచ్చింది. ఆమె వంగి నస్రీన్‌ను పరీక్షిస్తుంటే ఆమె గుండె మీది బ్యాడ్జీ సరిగ్గా నా కళ్ల ముందుకొచ్చింది. దాని మీద మిడ్‌వైఫ్ అని ఉంది.

మిడ్!

చచ్చిపోయిందనుకున్న మిడ్. విత్ వచ్చి కూర్చుంటే లేచి వెళ్లిపోయిన మిడ్. ఆ మాట లోకమంతటా మాసిపోయి, ఆడది బిడ్డను కనే గదిలో ఒక్కచోట ఊపిరితో మిగిలి ఉంది, అదీ నా ముందే, ఒక బ్యాడ్జీ మీద. వైఫ్ అంటే ఆ రోజుల్లో ఉట్టి ఆడమనిషి అని అర్థం. మిడ్‌వైఫ్ అంటే ఆడమనిషికి తోడుండేది. ఒక భాష తన పాత మాటను ఎక్కడో దాచుకోవాలనుకుని, వెతికి వెతికి ఈ గదిని ఎంచుకుందా అనిపించింది. కన్నీళ్లు కూడా వచ్చాయి. నర్సమ్మ అది చూసి నాకే ఏదో అయిందనుకుంది.

నేను ఆగలేకపోయాను. నర్సమ్మకు ఆమె ఉద్యోగం పేరులో ఏముందో చెప్పాను. ఆమె గ్లవ్స్ మార్చుకుంటూ విన్నది. నస్రీన్ కూడా రెండు నొప్పుల మధ్య తెరిపిలో విన్నది.

“అంటే సిస్టర్, మీ పేరుల్నే నాతోటి ఉండుడు ఉన్నదా?” అని అడిగింది.

“ఉన్నదంట. ఇగ ఊపిరి తీస్కో,” అన్నది నర్సమ్మ.

ఇక్కడితో ఆగిపోయుంటే నేను ఈ ముక్క రాసేదాన్ని కాదు. కానీ ఆ గదిలో వినేవాళ్లు ఇద్దరే. ఒకరు పనిలో ఉన్నారు, ఒకరు నొప్పుల్లో ఉన్నారు. అంత పెద్ద సంగతి కడుపులో పెట్టుకుని నేను ఉడికిపోతున్నాను. బయట వరండాలో చూస్తే ఒక వ్యాన్ నిండేంత జనం. మా దగ్గర ఒకరికి నొప్పులొస్తే ఒక్కరు రారు కదా. ఖైరున్నీసా ఖాలా, ఆమె తోడికోడళ్లు, వాళ్ల కూతుళ్లు, పక్కింటివాళ్లు, అన్నం గిన్నెలతో మా అమ్మ. పొద్దుటి నుంచీ కూర్చుని ఉన్నారు, చేయడానికి పనేమీ లేదు. పాఠం చెప్పేవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

ఇంకా టైముందని నర్సమ్మ చెప్పింది. అదే సమయానికి ఖాలా తలుపు దగ్గరికొచ్చి, కోడల్ని ఒక్కసారి చూసి పోతానని బతిమాలింది. నేను మెడలో పాసు తీశాను.

నస్రీన్ నా చెయ్యి వదల్లేదు. “పోకక్కా,” అంది.

“ఖాలా జర చూసి పోతది. నేను తలుపుకాడ్నే ఉంట. గిట్ల పోయి గట్ల వస్త,” అన్నాను.

చూడండి, ఎంత తియ్యగా చెప్పానో. ఖాలా మీద జాలితో వెళ్లినట్టే ఉంది కదా? వరండాలోకి రాగానే నేను మాట్లాడిన మొదటి మాట మిడ్.

అందరూ నా చుట్టూ చేరారు. చేరారంటే, నేనే వాళ్ల బెంచీల మధ్యకు పోయి నిలబడ్డాను. విత్ దగ్గర మొదలుపెట్టాను. ఎదురు ఎలా తోడయిందో చెప్పాను, మిడ్ ఎలా పోయిందో చెప్పాను, అది ఈ గదిలో ఎలా దాక్కుందో చెయ్యి చాపి తలుపు చూపించి మరీ చెప్పాను. తోడికోడళ్లలో ఒకామె నోరు తెరుచుకుని వింటోంది. జన్మలో నాకు అంత శ్రద్ధగా వినే క్లాసు దొరకలేదు. ఇంకో రెండు ఉదాహరణలు వేశాను.

నేను ఇక్కడ ఉదాహరణలు వేస్తుండగా అక్కడ పాసు తన ప్రయాణం తాను చేసింది. ఒక్క పాసు వస్తే ఇంటిల్లిపాదీ వంతులవారీగా వాడుకోవడం మా వాళ్లకు మామూలే. ఖాలా వచ్చి తోడికోడలికి ఇచ్చింది. ఆమె వెళ్లి చూసి, దువా చేసి వచ్చి ఇంకొకామెకు ఇచ్చింది. అది తిరిగి తిరిగి మా అమ్మ దగ్గరికి చేరింది. మా అమ్మ వెళ్లి నస్రీన్ తల నిమిరి బయటికొచ్చింది. అందరికీ అన్నాలు పెట్టాలి, చేతిలో పాసు అడ్డం. నాకిద్దామంటే నేను ఉపన్యాసంలో ఉన్నాను. చుట్టూ చూసింది.

మెట్ల దగ్గర, అందరికీ దూరంగా, డ్యూటీ బట్టల్లోనే యూసుఫ్ నిలబడి ఉన్నాడు. షిఫ్టు మధ్యలో లేచి వచ్చేశాడు. భార్య కనబడొద్దంది కాబట్టి దగ్గరికి రాలేదు, వెళ్లిపోవడానికి కాళ్లు రాలేదు. మా అమ్మ జర పట్టు బిడ్డా అని పాసు అతని చేతిలో పెట్టింది.

ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్ల సంగతి మీకు తెలియకపోతే చెప్తాను. పాసు చేతికొస్తే వాళ్లు చేతిలో పట్టుకోరు. జేబులో పెట్టరు. ఎక్కడైనా జారిపోతే ఉద్యోగానికే ముప్పు, అందుకని అది తగలగానే మెడలో పడాల్సిందే. అది ఎవరి పాసు, ఎందుకు ఇచ్చారు అని యూసుఫ్ ఆలోచించలేదు. మెడలో వేసుకుని, మళ్లీ తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. “నస్రీన్ తోని ఉండేటోళ్లు జల్ది రండి,” అని పిలిచింది నర్సమ్మ.

నేను వాక్యం మధ్యలో ఆపి పరుగెత్తాను. నర్సమ్మ నా మొహం చూడలేదు, మెడ చూసింది. బోసి మెడ. నన్ను దాటుకుని చూపు వరండా అంతా తిరిగి మెట్ల దగ్గర ఆగింది. నాలుగు అంగల్లో పోయి యూసుఫ్ చొక్కా చెయ్యి పట్టుకుంది.

“నేను కాదు సిస్టర్, నేను రావొద్దు,” అంటున్నాడతను.

“మెడల పాస్ ఉన్నది గద. నడువు.”

మెడలో పాసుండగా లోపలికి నడవమంటే నడవకుండా ఉండడం యూసుఫ్‌కు చేతకాదు. నడిచాడు. తలుపు మూసుకుంది. నేను తలుపు తొయ్యబోతే మల్లేశన్న అడ్డంగా వచ్చి చెయ్యి చాపాడు.

“పాస్?”

“అన్నా, నేనే గద. పొద్దుగాల్నుంచి నేనే ఉన్న లోపట.”

“పొద్దుగాల ఉన్నది పాస్. ఇప్పుడు లేదు. పాస్ లేకుంటె నేను పైలట్‌ను గూడ ఆపిన అక్కా.”

వరండా మొత్తం లేచి నిలబడింది. ఖైరున్నీసా ఖాలా గుండె పట్టుకుంది. కోడిని కోస్తుంటే కూడా చూడలేక పక్క గల్లీలోకి పోయే కొడుకు, ఇప్పుడు లోపల పడిపోతే కోడల్ని చూడాలా, వాణ్ణి చూడాలా అని ఏడుపు మొదలుపెట్టింది. అందరూ నావైపు చూశారు. నోరు తెరుచుకుని నా పాఠం విన్న తోడికోడలు కూడా నావైపే చూసింది, ఈసారి నోరు మూసుకుని. విత్ గురించి ఇంత తెలిసిన మనిషిని నేను, నాకూ నేను తోడుండాల్సిన మనిషికీ మధ్యన ఒక తలుపు ఉంది. పోకక్కా అన్న గొంతు చెవిలో మోగుతోంది. అంతవరకూ నేను చాలా గొప్పగా దేని గురించైతే చెప్పానో, అది ఒక్కటే నేను చేయాల్సిన పని. అది చేయలేదు.

తలుపుకు చెవి ఆనించాను. మల్లేశన్న దానికి మాత్రం పాసు అడగలేదు.

లోపల నస్రీన్ గొంతు. మొదట అక్క ఏది అని అడిగింది. ఆ తర్వాత తిట్లు. వాళ్ల ఇంటి ఉర్దూలో పెళ్లాం మొగుణ్ణి ఎలా తిడుతుందో మొత్తం విన్నాను. ఎందుకొచ్చినవ్, నీకు భయం గద, పో, మీ దోస్తులు నవ్వుతరు పో అని. పెళ్లినాటి నుంచీ దాచిపెట్టిందంతా బయటికొచ్చింది. తర్వాత ఒక పెద్ద కేక. ఆ కేక వెనకాలే, చాలా చిన్నగా, “నక్కో జావ్,” అన్నదామె. పోకు అని.

నాతో కూడా అదే మాట అన్నది కదా. నేను పోయాను. అతను పోలేదు.

సరిగ్గా అప్పుడే ఒక విమానం లేచింది. మాకు అలవాటైన మోతే, కానీ ఆ రోజు అది ఆసుపత్రి పైకప్పు మీదే ఆగిపోయినట్టనిపించింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. తలుపు వెనక ఏం జరుగుతోందో ఏమీ వినబడలేదు. వరండాలో అందరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ, అది పోయేదాకా నిలబడ్డాం. మోత మెల్లగా పలచబడింది. దాని కింద నుంచి ఇంకో చప్పుడు పైకొచ్చింది. అప్పటికే ఏడుస్తోంది, ఆ పిల్ల. ఎప్పుడు మొదలుపెట్టిందో మాకు తెలియదు. మేము విమానాన్ని వింటున్నంతసేపట్లో ఒక మనిషి వచ్చేసింది.

ఖాలా కూర్చుండిపోయింది. మా అమ్మ అన్నం గరిటె పట్టుకునే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. నాకు మాట రాలేదు. నాకు మాట రాకపోవడం అదే మొదటిసారి అని మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

కాసేపటికి యూసుఫ్ బయటికొచ్చాడు. పడిపోలేదు. కానీ బయటికి రాగానే గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. ఎడమ చెయ్యి నిండా గోళ్ల గాట్లు. ఆ చెయ్యినే చూసుకుంటూ నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు.

“బిడ్డ పుట్టిందమ్మీ,” అని తల్లికి చెప్పాడు. తర్వాత నావైపు తిరిగి, “మస్తు తిట్టిందక్కా. పొమ్మన్నది. గని చెయ్యి ఇడ్వలే,” అన్నాడు.

ఆ మాటకు నాకు డిక్షనరీ మొదటిసారి తెరిచిన రోజు కంటే ఎక్కువ గగుర్పొడిచింది. పొమ్మంటూనే చెయ్యి వదలకపోవడం. ఎదురుగా నిలబడి తిట్లు తింటూనే కదలకపోవడం. విమానం ముక్కుకు మొహం ఆనించి, అది పోయినంత దూరం పోవాలని అతను ఎప్పుడో మా మెట్ల మీద చెప్పాడు. అప్పుడు నేను దానికి ఇంగ్లీషు నేర్పి పంపించాను. వందల ఏళ్లలో ఒక మాట నడిచిన దారినంతా వీళ్లిద్దరూ ఒక మధ్యాహ్నంలో నడిచేశారు. ఎదురు నుంచి తోడు దాకా. నేను దాని చరిత్ర చెప్పడానికి బయటికొచ్చి, అది జరగడం చూడలేకపోయాను.

నస్రీన్‌ను చూడడానికి నా వంతు అందరికంటే చివర వచ్చింది. అదీ తేలిగ్గా రాలేదు. మళ్లీ లోపలికి పోవాలె గదక్కా అని యూసుఫ్ మెడలో పాసు తీయడానికి ఒప్పుకోలేదు. ఆఖరికి వాళ్లమ్మ తీయించింది. లోపల నస్రీన్ పిల్లను పక్కలో పెట్టుకుని పడుకుని ఉంది. ఆ పిడికిళ్లు, ఆ కనురెప్పలు వంగి చూశాను. తర్వాత తప్పయిందని చెప్పాను.

“బయిట ఏం చేస్తున్నవక్కా?” అని అడిగింది.

అబద్ధం చెబుదామనుకున్నాను. ఒక్కటీ తట్టలేదు. “విత్ అంటె ఏందో చెప్తున్న,” అన్నాను.

ఆమె నవ్వబోయి, కడుపు పట్టుకుని, నన్ను నవ్వియ్యకు కుట్లు పడ్డయి అంది. నవ్వు ఆగాక నా చెయ్యి అందుకుంది.

“యూసుఫ్ వచ్చుడు మంచిగైంది. గని నడ్మల జరసేపు ఎవ్వరు లేకుండె అక్కా. అందరు వచ్చి చూసి పోయిర్రు. చూసుడు వేరు, ఉండుడు వేరు.”

కోపంగా అనలేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది. నా లావుపాటి డిక్షనరీలో విత్‌కు పేజీల కొద్దీ అర్థాలున్నాయి. ఇది లేదు.

తర్వాత వాళ్లకు ఒక బాబు కూడా పుట్టాడు. అప్పుడు నన్ను తోడు రమ్మని ఎవరూ అడగలేదు. ఆసుపత్రి గేటు దాటీ దాటకముందే యూసుఫ్ మెడలో పాసు ఉంది. నేను వరండాలోకి రాగానే మల్లేశన్న లేచి, తలుపుకు అన్నిటికంటే దూరంగా ఉన్న కుర్చీని తుడిచి, ఇది మీ సీటు అక్కా అని చూపించాడు. దాని పక్కన ఎవరూ కూర్చోలేదు, ఎక్కడ పాఠం మొదలుపెడతానో అని.

అందుకని, శంషాబాద్ మీద ఎగిరే ప్రతి విమానం సాక్షిగా, మల్లేశన్న సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నన్ను ఉండమని ఎవరైనా చెయ్యి అందిస్తే, ఆ చెయ్యి వాళ్లంతట వాళ్లు వదిలేదాకా ఏ మాట పుట్టుక గురించీ నోరు విప్పను. నా మెడలో పాసు పడ్డాక అది తీయాలంటే మెడతో సహా తీయాల్సిందే.

రేపు పొద్దున మా అమ్మను మోకాళ్లు చూపించడానికి అదే ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. తోడుగా నేనే. మొన్న ‘బై’ అనే మాట గురించి చదువుతుంటే ఎంత అద్భుతమైన సంగతి కనబడిందో మీకు తెలుసా, అసలు ఆ మాట...

ఏమీ లేదు. మా అమ్మ చెయ్యి పట్టుకుంటాను.